అతిమ్ వాళ్ళమ్మ: డాక్టర్ లూసిల్ టీస్‌డేల్





ఈ ఆదివారం మనం తలుచుకోబోయే మనిషి మన దేశంలో పుట్టలేదు. మన గుడికీ ఎప్పుడూ రాలేదు. మనం ఇప్పుడు బతుకుతున్న ఈ కెనడాలోనే, మాంట్రియల్‌లో పుట్టిన ఒక డాక్టరమ్మ. ముప్పై అయిదేళ్ళు ఆఫ్రికాలో, ఉగాండా దేశపు ఉత్తరాన ఒక ఆసుపత్రిలో రోగులకు సేవ చేసి, ఆ సేవలోనే జబ్బు తెచ్చుకుని, చివరికి ఆ ఆసుపత్రి ఆవరణలోనే మట్టిలో కలిసిన తల్లి. పేరు డాక్టర్ లూసిల్ టీస్‌డేల్. మాంట్రియల్ మన సస్కటూన్‌కి రోడ్డు మీద దాదాపు మూడు వేల కిలోమీటర్లు. ఆమె చేరుకున్న చోటు ఇంకెంత దూరమో మీరే ఊహించుకోండి.

భక్తి వ్యాసాల్లో ఈమె సంగతి ఎందుకు అనుకుంటారేమో. నైట్ డ్యూటీ చేసి వచ్చి కళ్ళు మూతలు పడుతున్నా సరే, ఒక్క పది నిమిషాలు చదవండి. చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

లూసిల్ గారు 1929 జనవరి 30న పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగో ఆవిడ. తండ్రికి కిరాణా కొట్టు. ఉన్నవాళ్ళ ఇల్లు కాదు, లేనివాళ్ళ ఇల్లూ కాదు. పన్నెండేళ్ళ వయసులో ఆమె చదివే బడికి, చైనాలో సేవ చేసి తిరిగి వచ్చిన క్రైస్తవ సన్యాసినులు వచ్చారు. అక్కడి పేదల సంగతి, మందూ మాకూ లేక పిల్లలు పడే బాధ చెప్పారు. ఆ రోజు ఆ పిల్ల మనసులో ఒక మాట పడిపోయింది, తను డాక్టర్ కావాలని. చిన్నప్పుడు మనమందరం ఇలాంటివి ఎన్నో అనుకుంటాం. ఆమె అనుకున్నది మర్చిపోలేదు, అంతే.

1955లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకున్నారు. క్వెబెక్ రాష్ట్రంలో సర్జన్లయిన తొలి ఆడవాళ్ళలో ఆమె ఒకరు. పై శిక్షణ కోసం అమెరికాలోని ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టుకుంటే వాళ్ళు తీసుకోలేదు. మార్కులు తక్కువై కాదు. ఆడమనిషి సర్జరీ చేయడమనేది ఆ రోజుల్లో వాళ్ళకు మింగుడుపడని సంగతి.

ఈ ముక్క దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇది చదివేవాళ్ళలో మన ఊళ్ళో నర్సింగు చదివి, ఇక్కడ లైసెన్సు రాక, కేర్ హోములో ఎయిడ్‌గా చేస్తున్న చెల్లెళ్ళు ఉన్నారు. ఇంజినీరింగు చదివి గోడౌనులో పెట్టెలు మోస్తున్న తమ్ముళ్ళు ఉన్నారు. చేతిలో విద్య ఉండి, తలుపు మూసుకుని ఉంటే ఆ బాధ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. లూసిల్ గారు కూడా ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డవారే. అక్కడే కూర్చుని ఏడవలేదు. 1960లో ఓడలు ఆగే మార్సెయ్ నగరానికి, ఫ్రాన్స్ దేశానికి వెళ్ళి అక్కడి ఆసుపత్రిలో శిక్షణ మొదలుపెట్టారు.

అక్కడ ఉండగా పాత స్నేహితుడొకాయన కనిపించాడు. పేరు పియేరో కోర్తి, ఇటలీ దేశస్తుడు, పిల్లల డాక్టరు. మాంట్రియల్‌లో సాంత్ జుస్తీన్ పిల్లల ఆసుపత్రిలో ఇద్దరూ కలిసి పనిచేశారు. ఆయన ఉగాండాలో గులూ అనే ఊరి దగ్గర, లాచోర్ అనే చోట క్రైస్తవ మిషనరీలు 1959లో కట్టిన చిన్న ఆసుపత్రిని చూసి వచ్చాడు. దాన్ని పెద్దది చేయాలని ఆయన కోరిక. దానికి ఒక సర్జన్ కావాలి. జీతం ఇచ్చుకునే స్థోమత లేదు. రెండు నెలలు వచ్చి సాయం చేస్తే విమానం టికెట్టు, సిగరెట్ల ఖర్చు పెట్టుకుంటానన్నాడు. ఆమెకు సిగరెట్టు అలవాటు ఉండేది లెండి. మహాత్ములంటే చిన్నప్పటి నుంచీ తలచుట్టూ వెలుగుతో పుడతారని అనుకోకండి.

రెండు నెలల కోసమని 1961 మే నెలలో ఆమె ఉగాండాలో అడుగుపెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 5న లాచోర్ ఆసుపత్రి ప్రార్థన మందిరంలోనే ఇద్దరికీ పెళ్ళయింది. రెండు నెలలు కాస్తా ముప్పై అయిదేళ్ళయ్యాయి.

మనలో ఎంతమంది రెండేళ్ళని చెప్పి బయల్దేరి పదిహేనేళ్ళయినవాళ్ళం లేము! అప్పు తీరేదాకా అని, ఇల్లు కట్టేదాకా అని, చెల్లెలి పెళ్ళి అయ్యేదాకా అని వచ్చాం. ఆమెనేమో, రేపు ఆపరేషను చేయాల్సిన మనిషి వరండాలో పడుకుని ఉన్నాడన్న సంగతి కదలనివ్వలేదు. ఆ ఒక్కడిని చూసి వెళ్దామనుకుంటే వెనక ఇంకొకడు, అతని వెనక ఇంకో పదిమంది.

ఆమె వెళ్ళినప్పుడు లాచోర్‌లో ముప్పై, నలభై పడకలు ఉన్నాయేమో. సరైన ఆపరేషను థియేటరు కూడా లేదు. ఉన్నవాటితోనే సర్దుకుని మొదలుపెట్టారు. పొద్దున్నే వార్డులు, తర్వాత బయట బారులు తీరిన రోగులు, మధ్యాహ్నం నుంచి ఆపరేషన్లు. కాన్పు కష్టమై ఎక్కడి నుంచో మోసుకొచ్చిన తల్లులు, కాలిన పిల్లలు, మలేరియాతో మూలిగే పసివాళ్ళు, క్షయ రోగులు. పియేరో గారు పిల్లల వైద్యం చూస్తూ, కట్టడాలు కట్టిస్తూ, ఇటలీలోని తెలిసినవాళ్ళకల్లా ఉత్తరాలు రాసి డబ్బు సమకూర్చేవారు. ఒకరిది కత్తి, ఇంకొకరిది జోలె. ఆ రెండూ లేనిదే ఆసుపత్రి నడవదు.

1962 నవంబరులో వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. పేరు దొమినీక్. చుట్టుపక్కల ఉండే అచోలి తెగవాళ్ళు ఆ పిల్లకు తమ భాషలో అతిమ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటకు అర్థం, సొంత ఊరికి దూరంగా పుట్టిన బిడ్డ అని. మన పల్లెల్లో ఆడవాళ్ళను పేరు పెట్టి పిలవకుండా ఫలానా పిల్ల వాళ్ళమ్మ అంటాం కదా, వాళ్ళకూ అదే ఆచారం. అప్పటి నుంచి ఆ తెల్ల డాక్టరమ్మ వాళ్ళకు మిన్ అతిమ్, అంటే అతిమ్ వాళ్ళమ్మ అయిపోయింది. మనుషులు మనల్ని తమవాళ్ళను చేసుకున్నారనడానికి ఇంతకంటే గుర్తు ఏముంటుంది? సస్కటూన్‌లో పుట్టిన మన పిల్లలు ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్ళందరూ అతిమ్‌లే.

అదే 1962లో మనం ఉంటున్న ఈ సస్కాచెవాన్ రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా ఒకసారి చెప్పుకోవాలి. జులై 1న అందరికీ ప్రభుత్వ వైద్యం అనే చట్టం ఇక్కడే ముందుగా అమలులోకి వచ్చింది. ఉత్తర అమెరికాలో అలాంటిది అదే మొదటిది. దాన్ని కాదని డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు. చివరికి జులై 23న మన సస్కటూన్‌లోనే ఒప్పందం కుదిరింది. ఈ రోజు మీ జేబులో ఉన్న హెల్త్ కార్డు వెనక ఆ పోరాటం ఉంది. డబ్బు లేదని మనిషిని ఆసుపత్రి గుమ్మం నుంచి వెనక్కి పంపకూడదన్న ఒక్క మాట కోసం ఇక్కడ అంత గొడవ జరిగింది. అదే ఏడు లాచోర్‌లో ఆ డాక్టరమ్మ ఏ చట్టమూ అండగా లేకుండా, రోజూ అదే మాటను చేతులతో చేసి చూపిస్తోంది.

తర్వాత చెడ్డరోజులు వచ్చాయి. 1971లో ఇదీ అమీన్ సైన్యంతో గద్దె ఎక్కాడు. 1972లో ఆ దేశంలో తరాలుగా ఉన్న భారతీయ కుటుంబాలను తొంభై రోజుల్లో వెళ్ళిపొమ్మన్నాడు. వాళ్ళలో వేలమంది ఈ కెనడాకే వచ్చి మళ్ళీ మొదటి నుంచి బతుకు కట్టుకున్నారు. విదేశీయులకు అక్కడ భద్రత లేదు. అయినా లూసిల్ గారు, పియేరో గారు కదలలేదు. ఆసుపత్రి మీద ఎన్నోసార్లు దోపిడీగాళ్ళు పడ్డారు. మందులు పోయాయి, సామాన్లు పోయాయి. మళ్ళీ తెప్పించుకున్నారు, మళ్ళీ మొదలుపెట్టారు.

దీనికి మూల్యం లేకపోలేదు. ఆ మూల్యం ఎక్కువగా కట్టింది చిన్నారి అతిమ్. ఆ గొడవల మధ్య బిడ్డను ఉంచుకోలేక చదువుకని దూరం పంపారు. వార్డు నిండా ఊరివాళ్ళ పిల్లలు, సొంత పిల్ల మాత్రం ఇంకెక్కడో. ఈ సంగతి దాచి, ఆమెను దేవత అని పొగడ్డం తప్పు. సేవ చేసేవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు ఆ భారం మోస్తూనే ఉంటారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర వదిలి వచ్చి, వీడియో కాల్‌లో హోంవర్క్ చెప్పే మీకు ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ దూరంలో మీరు ఒక్కరే లేరని తెలిస్తే చాలు.

ఇక అసలు ఘట్టం. 1979లో అమీన్‌ను దించిన యుద్ధం వచ్చింది. గాయపడ్డ సైనికులు కుప్పలుగా లాచోర్‌కి వచ్చిపడ్డారు. తూటాలు తగిలి ఎముకలు పొడిపొడి అయినవాళ్ళు. ఆ శరీరాల్లో చెయ్యి పెట్టి ముక్కలు ఏరుతుంటే, విరిగిన ఎముక అంచులు గాజుపెంకుల్లా ఉంటాయి. గ్లవ్స్ తెగుతాయి, వేళ్ళు తెగుతాయి. ఈ రోజు మీరు పనిచేసే చోట గోడకు గ్లవ్స్ పెట్టె వేలాడుతుంటుంది, ఒకటి తీసి పారేసి ఇంకోటి తొడుక్కుంటారు. అలాంటి ఆసుపత్రుల్లో ఆ రోజుల్లో గ్లవ్స్ కడిగి మళ్ళీ వాడుకునేవాళ్ళు. డాక్టరమ్మ వేళ్ళు ఎన్నిసార్లు తెగాయో లెక్కలేదు.

అప్పటికి ఎయిడ్స్ అన్న పేరే లోకానికి తెలియదు. డాక్టర్లు ఆ జబ్బును గుర్తించింది 1981లో, దానికి కారణమైన క్రిమిని పట్టుకున్నది 1983లో. రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చిన 1985లోనే లూసిల్ గారికీ విషయం తెలిసింది. ఆ క్రిమి ఆమె ఒంట్లో ఉంది. మహా అయితే రెండేళ్ళని డాక్టర్లు అనుకున్నారు.

మనకైతే ఏమనిపిస్తుంది? చాలు, చేసింది చాలు, ఇంటికి పోదాం అనిపిస్తుంది. అలా పోయినా ఎవరూ తప్పు పట్టరు. ఆమె మాత్రం లాచోర్‌కే తిరిగి వచ్చారు. రెండేళ్ళన్నది పదకొండేళ్ళయింది. ఒంట్లో శక్తి తగ్గిన కొద్దీ పనిని తగ్గించుకున్నారు గానీ పని మానలేదు.  ఎయిడ్స్ వచ్చినవాళ్ళను సొంతవాళ్ళే గడప తొక్కనివ్వని కాలం అది. అలాంటప్పుడు ఒక పెద్ద డాక్టరమ్మ తనకూ అదే ఉందని తెలిసీ తెల్లకోటు వేసుకుని వార్డులో తిరుగుతుంటే, మంచంమీద ఉన్నవాళ్ళకు అదెంత ధైర్యమో!

మొత్తం మీద ఆ చేతులతో పదమూడు వేల ఆపరేషన్లు చేశారని లెక్క. 1996 ఆగస్టు 1న ఇటలీలో, భర్త సొంత ఊరు బెసానాలో కన్నుమూశారు. సరిగ్గా అంతకు ముందు నెల, జులైలో, ఈ కెనడాలోనే వాంకూవర్‌లో జరిగిన ప్రపంచ ఎయిడ్స్ సభలో, మందులు కలిపి ఇస్తే ఈ జబ్బును అదుపులో పెట్టవచ్చని డాక్టర్లు రుజువులు చూపించారు. ఆ మందు ఆమెకు అందే వేళ దాటిపోయింది. ఆమెను తీసుకెళ్ళి లాచోర్ ఆసుపత్రి ఆవరణలోనే సమాధి చేశారు. 2000లో కెనడా ప్రభుత్వం ఆమె పేర తపాలా బిళ్ళ వేసింది.

మన పోతన గారి భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడి కథ ఉంది, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. నలభై ఎనిమిది రోజులు పస్తులున్న రాజుకు కాస్త అన్నం, నీళ్ళు దొరుకుతాయి. తినబోయే వేళకు ఒకరి తర్వాత ఒకరు ఆకలిగొన్నవాళ్ళు వస్తారు. ఉన్నదంతా పెట్టేస్తాడు. ఆఖరికి గుక్కెడు నీళ్ళు మిగిలితే, దాహమని ఒక కడజాతివాడు వస్తాడు. ప్రాణం పోయేలా ఉన్నా ఆ నీళ్ళూ అతనికే పోస్తాడు. ఆ రాజు స్వర్గం కోరలేదు, సిద్ధులు కోరలేదు. ప్రాణుల లోపల తానుండి వాళ్ళ బాధ తాను అనుభవిస్తే చాలన్నాడు.

ఆ కథ చదివినప్పుడు మనం చేతులెత్తి దండం పెట్టి పుస్తకం మూసేస్తాం. అలాంటివాళ్ళు ఏ యుగంలోనో ఉంటారనుకుంటాం. ఇదుగో, మొన్నమొన్నటి దాకా బతికి ఉన్న ఒక కిరాణా కొట్టు ఆసామి కూతురు, రోగుల బాధను అక్షరాలా తన నెత్తురులోకి తెచ్చుకుంది. ఆమె భాగవతం చదివి ఉండదు. ఏ పేరుతో పిలిచినా, ఆర్తుల్లో ఉన్న నారాయణుడు ఒక్కడే కదా.

కథ ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక మనిషి త్యాగం కథగానే మిగిలేది. లూసిల్ గారు, పియేరో గారు చేసిన పెద్దపని ఇంకోటి ఉంది. తాము లేకపోయినా ఆసుపత్రి నడవాలని, ఆ నేలమీది పిల్లలకే పని నేర్పించారు. నర్సులకు బడి పెట్టారు. కుర్ర డాక్టర్లకు శిక్షణ ఇచ్చారు. అలా 1983లో వచ్చినవాడే మాథ్యూ లుక్వియా, అచోలి బిడ్డ, చిన్నప్పుడే తండ్రి పోయినవాడు. 1989లో తిరుగుబాటుదారులు వచ్చి సన్యాసినులను ఎత్తుకుపోతామంటే, వాళ్ళను వదిలి తనను తీసుకుపొమ్మని వెంట నడిచాడు. వారం తర్వాత ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్ళి పెద్ద చదువు చదివి, అక్కడే ఉండిపోయే వీలున్నా, లాచోర్‌కే తిరిగి వచ్చాడు.

2000 సంవత్సరంలో గులూలో ఎబోలా జబ్బు పడింది. అప్పుడు కంపాలాలో ఉన్న మాథ్యూ గారు పరుగున వచ్చి, ఆ జబ్బేమిటో పోల్చుకుని, రోగులను విడిగా పెట్టి చూసే ఏర్పాటు చేశారు. రోగులకు సేవ చేస్తూ లాచోర్ సిబ్బందే పదిమందికి పైగా పోయారు. ఆ డిసెంబరు 5న మాథ్యూ గారూ పోయారు. ఆయన కోరిక ప్రకారం డాక్టరమ్మ సమాధి పక్కనే ఆయన్నూ ఉంచారు. 2003లో పియేరో గారు కూడా అక్కడికే చేరారు.

అంతటితో లాచోర్ ఆగలేదు. ఆ తర్వాతి యుద్ధకాలంలో రాత్రిపూట పిల్లల్ని ఎత్తుకుపోయే మూకలకు భయపడి, వేలమంది తల్లులు, పిల్లలు చీకటి పడితే ఆసుపత్రి ఆవరణలోకి వచ్చి పడుకునేవాళ్ళు. గేటు తెరిచే ఉంచారు. ఈ రోజు ఆ ఆసుపత్రికి 480 పైచిలుకు పడకలున్నాయి. ఉగాండా వాళ్ళే నడుపుకుంటున్నారు. ఒకప్పుడు దూరం పంపిన ఆ అతిమ్, దొమినీక్ కోర్తి గారు, తానూ డాక్టరై, అమ్మానాన్న పేర ఉన్న సంస్థను నడుపుతూ ఆ ఆసుపత్రికి అండగా నిలిచారు.

ఇప్పుడు మన సంగతి. ఈ కథ చదివి ఎవరూ ఆఫ్రికా బయల్దేరక్కర్లేదు. మైనస్ ముప్పైలో బస్సుకోసం నిలబడి, ఎవరో ముసలాయనకు స్నానం చేయించడానికి పోతున్న మీరు ఇప్పటికే సగం దారిలో ఉన్నారు. జీతం కోసమే చేస్తున్నాం, ఇది పూజ ఎలా అవుతుందని మీకు అనిపించవచ్చు. ఆ డాక్టరమ్మ కూడా మొదట విమానం టికెట్టు మీద రెండు నెలల పనికే వెళ్ళింది. పని ఎందుకు మొదలుపెట్టామన్నది అంత ముఖ్యం కాదు. ఆ పని ముందున్న మనిషిని మనిషిగా చూశామా లేదా అన్న దగ్గర పూజ మొదలవుతుంది.

ఈ వారానికి మూడు చిన్న సంకల్పాలు చెప్పుకుందాం.

ఒకటి. రేపటి డ్యూటీలో ఒక్క మనిషి పనైనా, అది నారాయణుడి పనే అనుకుని తీరిగ్గా, ప్రేమగా చేయండి.

రెండు. మీకు తెలిసిన పనిని కొత్తగా వచ్చిన ఒకరికి నేర్పండి. దారి తెలియక, ఫారం నింపడం రాక తిప్పలు పడే కుర్రాడు మీ పక్క గదిలోనే ఉంటాడు. మనం పోయినా నిలిచేది నేర్పిన విద్యే.

మూడు. దూరంగా ఉన్న మీ అతిమ్‌కి ఈ రోజే ఫోన్ చేయండి. డబ్బు పంపిన సంగతి చెప్పడానికి కాదు, ఆ బిడ్డ చెప్పేది వినడానికి.

ఒంట్లో బాగా లేకపోతే మీ జేబులో కార్డు ఉంది, వాయిదా వేయకుండా డాక్టరుకు చూపించుకోండి. మిమ్మల్ని నమ్ముకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

మానవ సేవే మాధవ సేవ. చదివి మనసుకు పడితే, మన ఊరివాడు ఒంటరిగా ఉన్న ఏ దేశానికైనా దీన్ని పంపండి.

శుభమస్తు 🙏